చేత్తో తిప్పే లెన్సు

"పడ్తదా లేదా అంటే పడ్తది. చూస్తున్నవు గద," అన్నాడు శశికాంత్. మేనల్లుడు భార్గవ్ కెమెరాకు ఈ లెన్సు సరిపోతుందా అని నిన్న భోజనాల దగ్గర మొదలైన మాట పొద్దున కాఫీ దాకా వచ్చింది.

ఆండాళ్ స్టీలు డబ్బాలో పెరుగన్నం సర్దుతోంది. "పడ్తది. ఫోకస్ కాదు."

"ఎందుక్కాదు? ఇగో." అతను ఆ లెన్సు తగిలించిన తన పాత నల్ల కెమెరా ఎత్తి, బల్లకవతల తింటున్న రుచిత వైపు పెట్టి మీట సగం నొక్కాడు. జుర్రుమని చిన్న చప్పుడు చేసి లెన్సు తిరిగింది. "అయిందా?"

"మీదాంట్ల అయితది. తిప్పే మోటరు మీ కెమెరాలనే ఉన్నది. భార్గవ్‌ది చిన్న కెమెరా. దాంట్ల మోటరు లేదు. అట్లాంటప్పుడు లెన్సులనన్న ఉండాలె. దీంట్ల లేదు."

"ఒకటే కంపెనీ."

"ఒకటే కంపెనీ."

"వెనక మూత సుత ఒకటే."

"మూత ఒకటేనండీ."

"అమ్మేటాయన చెప్పిండు, ఈ కంపెనీ కెమెరాలు అన్నిటికీ పడ్తదని. ఆయన అబద్ధం చెప్పిండా?"

"ఆయన పడ్తదనే చెప్పిండు."

రుచిత తలెత్తకుండా, "ష్టిమ్ట్," అంది. నిజమే అని.

"ఎవరిది నిజం? మీ అమ్మదా, నాదా?"

"బైడెస్," అంది రుచిత. రెండూ అని. పధ్నాలుగేళ్ళ పిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం జర్మన్‌లోనే వస్తుంది.

లెన్సు శశికాంత్ అక్క కౌసల్య కొడుకు కోసం. భార్గవ్ హనుమకొండలో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తాడు. జర్మనీలో వాళ్ళుండే జార్‌బ్రూకెన్ నుంచి ఎవరు ఊరికి వెళ్ళినా సూట్‌కేసులో సగం వాళ్ళ సామాను కాదు. ఒకరి మందులు, ఒకరి చాక్లెట్లు, ఒకరి కుక్కర్ రబ్బరు. ఈసారి వెళ్తున్నది శశికాంత్, మళ్ళీ తిరిగి రావడానికి కాదు. హైదరాబాద్ ఆఫీసుకు బదిలీ తీసుకున్నాడు. సాయంత్రం ఫ్రాంక్‌ఫర్ట్ రైలు. బడి అయ్యాక ఆండాళ్, రుచిత జూలైలో వెళ్ళాలని అనుకున్నారు. అనుకున్నది ఎవరని ఆండాళ్ అడగలేదు.

ఆ సంగతి ఆమెకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు కూడా. జనవరిలో ఒక మధ్యాహ్నం తను పనిచేసే షాపులో అన్నం తింటూ ఫోన్ చూస్తుంటే, ఊళ్ళో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో 'మూవింగ్ సేల్' అని ఫోటోలు వచ్చాయి. సోఫా, వాషింగ్ మెషీన్, బట్టలారేసే స్టాండు, తడి గ్రైండరు. గ్రైండరు మంచి కండిషన్‌లో ఉంది, ఎవరిదో పాపం అనుకుంది. పక్కన మడిచిన తువ్వాలు మీద పసుపు మరక చూశాక తెలిసింది, అది తనదే. ఫోటో బాగా వచ్చింది. కిటికీ వెలుతురులో తీశాడు.

ఆ సాయంత్రం, "గ్రైండర్ అమ్ముతున్నమా?" అని అడిగింది.

"అక్కడ కొత్తది కొందం తీ," అన్నాడు.

అంతే. తరువాత పప్పు గిన్నె అటు జరపమన్నాడు. జరిపింది.

ఇప్పుడామె డబ్బా మూత పెట్టి, కోటు వేసుకుని, కెమెరా నుంచి లెన్సు విప్పి, ముందూ వెనకా మూతలు పెట్టి సంచిలో వేసుకుంది.

"అదెందుకు?"

"షాపుల చూస్త. వాని కెమెరాలాంటిదే ఉన్నది."

"సాయంత్రానికల్ల తేవాలె. బరువు చూసుకోవాలె."

"తెస్త."

ఆమె పనిచేసేది పాత కెమెరాలు కొని, బాగుచేసి, అమ్మే షాపులో, వెనక గదిలో. కిటికీ కింద బల్ల, బల్ల మీద దీపం, గాలి ఊదే రబ్బరు బుడ్డి, మెత్తటి బ్రష్షులు. ఎత్తు తగ్గించిన స్టూలు. ఆమె పొట్టిగా ఉంటుంది. చేరిన వారం షాపు నడిపే ఫ్రావ్ రైనర్ట్ తనే మరలు తిప్పి ఆ స్టూలు దించింది. ఎవరైనా దాన్ని మళ్ళీ పైకెత్తితే, మర్నాడు వచ్చి ఆండాళ్ ఏమీ అనకుండా దించుకుంటుంది.

తెల్ల నూలు తొడుగులు వేసుకుంది. వేళ్ళ పసుపు అంటకుండా మొదటి నెలలోనే అలవాటైంది. ఒక్కో లెన్సు తీసి, టార్చి వెలుగు ఒక పక్క నుంచి వేసి, ఇంకో పక్క నుంచి కన్ను చికిలించి చూస్తుంది. దుమ్ము ఉన్నా పర్వాలేదు. బూజు ఉంటే సాలెపోగుల్లా కనిపిస్తుంది, దాన్ని వేరే పెట్టెలో పెడుతుంది. రింగు తిప్పి చూస్తుంది. ఇసుక తగిలితే చేతికి తెలుస్తుంది. మధ్యలో ఆలోచనలు రావు. అందుకే ఈ పని బాగుంటుందని ఒకసారి అనుకుంది. ఆ తరువాత అలా అనుకోవడం కూడా మానేసింది.

పెళ్ళయి పాడర్‌బోర్న్ వచ్చినప్పుడు ఆమె దగ్గర ఫిజిక్స్ ఎమ్మెస్సీ సర్టిఫికెట్ ఉంది. జర్మన్ క్లాసు సగంలో ఉండగా రుచిత పుట్టింది. మళ్ళీ మొదలుపెట్టాక శశికాంత్ ఉద్యోగం మారింది, ఇక్కడికి వచ్చారు. కొన్నాళ్ళు ఒక కీటాలో, అంటే చిన్నపిల్లల బడిలో, పిల్లలు తిన్న ప్లేట్లు కడిగింది. వెళ్ళిన ప్రతిచోటా ఇల్లు ఆమే సర్దింది, వదిలిన ప్రతిచోటా ఆమే తుడిచింది. ఓనరు వచ్చి గోడలు చూసుకుని బాగుందని వెళ్ళేవాడు. అంతకుముందు ఏ ఊళ్ళోనూ ఆమె కోసం ఎవరూ స్టూలు దించలేదు. ఈ విషయం ఎవరితోనైనా చెబితే నవ్వుతారు. ఆమె చెప్పలేదు.

మధ్యాహ్నం ఫ్రావ్ రైనర్ట్ తలుపు దగ్గర నిలబడింది. అరవై దగ్గర పడిన మనిషి, కళ్ళద్దాలు తాడుకు వేలాడుతుంటాయి.

"ఇవాళ శుక్రవారం," అంది నెమ్మదైన జర్మన్‌లో, ఆండాళ్‌కు అర్థమయ్యేలా. "మీ కాంట్రాక్టు జూన్‌లో అయిపోతుంది. తరువాతిది పర్మనెంట్ అని చెప్పాను. మీరు ఉంటారా, మీ ఆయనతో వెళ్తారా? వెళ్తే సోమవారం నేను ఈ ఉద్యోగానికి ప్రకటన ఇవ్వాలి. తొందరపెట్టడం కాదు."

"సాయంత్రం లోపల చెప్తాను."

"ఆ డబ్బాలోది ఏమిటి? రోజూ తెల్లగా ఉంటుంది."

"పెరుగూ అన్నం."

"రోజూ?"

"రోజూ."

ఫ్రావ్ రైనర్ట్ తల ఊపి వెళ్ళిపోయింది.

ఆండాళ్ సంచిలోంచి లెన్సు తీసింది. అరలోంచి భార్గవ్‌ది లాంటి చిన్న కెమెరా దించి తగిలించింది. టక్కుమని కూర్చుంది. కొంచెం కూడా వదులు లేదు. ఆ చప్పుడు వింటే ఎవరైనా సరిపోయిందనే అంటారు. కిటికీ వైపు తిప్పి మీట సగం నొక్కింది. ఏమీ కాలేదు. ఇంకోసారి నొక్కింది. ఎదుటి మేడ, దాని కిటికీ, కిటికీలో పూలకుండీ అన్నీ ఒక్క మసకగానే ఉన్నాయి.

చేత్తో రింగు తిప్పింది. మసక నెమ్మదిగా తగ్గి, కుండీ అంచు వచ్చింది, ఆకులు వచ్చాయి, ఒక ఎండిన ఆకు వచ్చింది. ఫోకస్ కుదిరిందని మూలన చిన్న ఆకుపచ్చ చుక్క వెలిగింది. బాగా స్పష్టంగా ఉంది. మంచి లెన్సు. దీనిలో లోపం లేదు, కెమెరాలోనూ లోపం లేదు. ప్రతిసారీ ఎవరో ఒకరు తిప్పుతూ ఉండాలి, అంతే. తలంబ్రాలు పోసేటప్పుడు భార్గవ్‌కు అంత తీరిక ఉండదు.

ఆమె కన్ను తీయకుండా కాసేపు ఆ ఆకునే చూసింది.

తరువాత అరలో వెతికింది. అదే కొలతలో, లోపల మోటరు ఉన్నది ఒకటి దొరికింది. ముందు అద్దం మీద వెంట్రుక వాసి గీత ఉంది కాబట్టి ధర తగ్గించి పెట్టారు. ఫోటోలో ఆ గీత కనిపించదు. తగిలించి నొక్కింది. చప్పుడు లేకుండా జారినట్టు తిరిగి కుండీ దగ్గర ఆగింది. తలుపు వైపు, గోడ వైపు, తన చేతి వైపు పెట్టి చూసింది. అన్నిటి దగ్గరా ఆగింది.

రెండు లెన్సులూ పట్టుకుని కౌంటరు దగ్గరకు వెళ్ళింది. "ఇది కొనుక్కుంటాను," అంది.

ఫ్రావ్ రైనర్ట్ ఆమె ఇంటి నుంచి తెచ్చినదాన్ని చూసింది. "అది మాకు ఇచ్చేస్తారా? మార్చుకోవచ్చు."

"వద్దు. అది ఉండనీయండి." ఆగి, "నేను కూడా ఉంటాను," అంది.

"గుట్," అంది ఫ్రావ్ రైనర్ట్. ఇంకేమీ అడగకుండా పెట్టె కోసం కిందికి వంగింది.

ట్రాములో ఆండాళ్ భయం కోసం ఎదురుచూసింది. రాలేదు. సంతోషం కూడా రాలేదు. ఎదురు సీట్లో ఒకావిడ ఉల్లికాడల కట్ట ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతోంది. తన స్టాపు వచ్చింది, దిగింది.

ఇంట్లో సూట్‌కేసు హాలు మధ్యలో తెరిచి ఉంది. సోఫా పోయిన చోట ఫోను గోడకు ఆనించి పెట్టి ఉంది. అందులో కౌసల్య ముఖం, వెనక భార్గవ్ భుజం. రుచిత నేల మీద కూర్చుని తండ్రి చార్జర్ల తీగలు చుడుతోంది.

"జర్మనీల ఉండుకుంట పాతది పట్కొస్తున్నవారా, కొత్తవి దొర్కయా?" అంటోంది కౌసల్య.

"అమ్మా, నువ్వూకో," అన్నాడు భార్గవ్. "అత్తమ్మ వచ్చింది. అత్తమ్మా, ఏమైంది?"

"అది నీదాంట్ల పనిచెయ్యదురా. పనిచేసేది తెచ్చిన."

శశికాంత్ ఆమె వైపు చూశాడు. ఆమె కొత్త పెట్టెను అతని ఉన్ని స్వెట్టర్‌లో చుట్టి, హ్యాండ్‌బ్యాగులో కెమెరా పక్కన పెట్టింది. పాతదాన్ని బల్ల మీద పెట్టింది.

"మరి అది?"

"ఇక్కడుండనీయండి. బరువు."

బెల్లు మోగింది. శ్రావ్య. యూనివర్సిటీలో చదువుకుంటున్న అమ్మాయి, గ్రైండరు కోసం చక్రాల బండి తెచ్చుకుంది. "అక్కా, లేటైందా? నా రూమ్మేట్స్ అప్పుడే ఇడ్లీ పాత్ర కడిగి పెట్టిన్రు!"

"గ్రైండర్ ఇస్తలేనమ్మా," అంది ఆండాళ్. "ఏమనుకోకు."

"అదేంది?" అన్నాడు శశికాంత్ హాల్లోంచి. "మాటిచ్చినం గద."

"నాకు కావాలె."

శ్రావ్య ఇద్దరినీ చూసి, "పర్లేదక్కా, పర్లేదన్నా," అంటూ ఖాళీ బండి తిప్పుకుని మెట్ల వైపు వెళ్ళింది. ఆండాళ్ తలుపు వేసి వచ్చింది. కోటు ఇంకా విప్పలేదు. ఫోనులో కౌసల్యకు కూడా కనిపించేలా నిలబడింది.

"జూలైల నేను వస్తలేను," అంది. "షాపుల ఉంటనని చెప్పిన. ఈ కిరాయి ఇంటికి ఇద్దరం సంతకాలు పెట్టినం. ఖాళీ చేస్తమని ఇచ్చే కుండిగుంగ్ మీద నేను పెట్ట. రుచిత సంగతి రుచిత చెప్తది."

గ్రైండరు గురించి మాట్లాడిన గొంతే.

"ఏమంటున్నవే ఆండాళూ?" అంది కౌసల్య.

"నేను వస్తలేను వదినా. ఇక్కడనే ఉంట."

రుచిత తీగ చుట్టడం ఆపింది. "ఇష్ ఔహ్," అంది. అత్తకు అర్థం కాదని గుర్తొచ్చి, "నేను గూడ," అంది తెలుగులో.

శశికాంత్ సూట్‌కేసు జిప్పు మూల దాకా లాగాడు, ఇరుక్కుంది, వెనక్కి తీసి మళ్ళీ లాగాడు. ఆండాళ్ వంగి మూత నొక్కిపట్టింది. జిప్పు పడింది.

"శశీ," అంది కౌసల్య, "నీ బండి టైమైతుంది."

"పోయినంక ఫోన్ చేస్త," అన్నాడతను. అక్కకు చెప్పాడో, ఆండాళ్‌కు చెప్పాడో. కెమెరా ఉన్న సంచి భుజాన వేసుకున్నాడు. రుచిత సూట్‌కేసు పట్టుకుని స్టాపు దాకా వస్తానంటూ ముందు దిగింది. చక్రాల చప్పుడు ఒక్కో మెట్టు మీద ఆగి, ఆగి, కింద ఫుట్‌పాత్ మీద సాగిపోయింది.

బల్ల మీద లెన్సు ఉంది, రెండు మూతలూ పెట్టి, మధ్యాహ్నం పూలకుండీ దగ్గర ఆపిన రింగు అక్కడే ఉండి.