పేరు తీసేసిన మాట

ఇంట్లో వాళ్ళు లేవకముందే దుప్పటి ఉతికేయాలి. పరుపు గోడకి నిలబెట్టి, కిటికీ తెరిచి, ఫ్యాను వెయ్యాలి. ఒక్కోరోజు ఆలస్యమయ్యేది. అలాంటప్పుడు ఖాళీ జగ్గు చేత్తో పట్టుకుని కూతురి గది గుమ్మంలో నిలబడి, నీళ్ళు ఒలకబోశానండీ, అనేదాన్ని. "నీవి చేతులా, జల్లెడలా?" అనేవారు మావారు. అత్తగారైతే ఒలకబోత అని నాకు పేరే పెట్టేశారు. చుట్టాలొస్తే, మా ఒలకబోత చేతికి గాజు గ్లాసులివ్వకండి, అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

ఏడో తరగతికొచ్చినా నా కూతురికి పక్క తడపడం ఆగలేదు. చిన్నప్పుడు ఒకసారి తడి దుప్పటి చేతికిచ్చి దాన్ని వీధి గుమ్మంలో నిలబెట్టారాయన. సిగ్గేస్తే అదే మానేస్తుందని. ఆ తర్వాత మానేసిందనే చెప్పాం, నేనూ అదీ. ఆయనకి తెలియకుండా డాక్టరుకి చూపిస్తే, వయసుతో పోతుందన్నాడు. పోయేలోపు ఏమవుతుందో చెప్పలేదు. బడిలో తెలిస్తే? ఏడిపిస్తే? అది బడి మానేస్తే, గదిలోంచి బయటికి రాకపోతే, ఏ అఘాయిత్యమో చేసుకుంటే? కూర తరుగుతున్నా, బట్టలు మడతపెడుతున్నా ఇదే గోల. నా భయాలు వినే ఓపిక ఎవరికుంది? మొదలెట్టావా, అంటారు ఈయన.

అందుకే ఫోనులో అమ్మల గ్రూపులో రాశాను. పేరు పెట్టలేదు, ముఖం బదులు పువ్వు బొమ్మ పెట్టాను. "ఇంట్లో నన్ను ఒలకబోత అంటారు. అననీ. నా కూతురు పక్క తడిపినప్పుడల్లా నీళ్ళు నేనే ఒలకబోశానని చెప్తాను." ఎవరెవరో అమ్మలు, మా ఇంట్లోనూ ఇంతేనమ్మా, ధైర్యంగా ఉండు, అని రాశారు. ఆ రోజు కడుపునిండా తిన్నాను. ఆ గ్రూపు తలుపులు బార్లా తెరిచే ఉంటాయని పదో తరగతి చదివిన నాకేం తెలుసు.

కాలేజీలో చదివే మా ఆడపడుచు సెలవులకొచ్చింది. తల్లులు ఫోన్లలో ఏం రాసుకుంటారో ఎవరో పరిశోధన చేశారట, ఆ వ్యాసం చదువుతోంది. అందరం భోజనాల దగ్గర కూర్చున్నాం. ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది.

"వదినా, అచ్చం నీలాంటావిడ ఇంకొకావిడ దొరికింది. విను."

చదవసాగింది. మొదటి మాటకే నా చేతిలో ముద్ద ఆగిపోయింది. పక్క తడపడం దాకా వచ్చాక దాని గొంతు తగ్గింది. ఆఖరి మాట గొణిగి ఫోను బోర్లించేసింది. అప్పటికే అందరూ నా కూతురివైపు చూస్తున్నారు.

"అయితే ఇన్నాళ్ళూ తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి నన్ను వెధవని చేశారన్నమాట" అన్నారు ఆయన. ఊరందరికీ చెప్పి మనకి దాచింది, అన్నారు అత్తగారు. పిల్ల లేచి కంచం కడుక్కుంది. నన్ను దాటుకుంటూ, "అక్కడ నా గురించి రాశావా" అని మాత్రం అడిగి గదిలోకి పోయింది.

ఆడపడుచు ఏడ్చింది. వ్యాసం రాసినావిడకి నా తరఫున మెయిలు పెట్టింది. జవాబు చాలా మర్యాదగా వచ్చింది. అందరూ చూడగలిగే చోట రాసింది కాబట్టి అనుమతి అడగలేదట. పేరూ బొమ్మా తీసేసి 'ఒక తల్లి' అని రాశారట, నేనెవరో ఎవరూ గుర్తుపట్టలేరట. ఈ ఇంట్లో నన్ను పేరుపెట్టి పిలిచిందెవరు గనక? నన్ను పిలిచే మాటేమో అందులో ఉన్నదున్నట్టు అచ్చేశారు. దాన్ని ఫోనులో కొడితే నా పోస్టే వస్తోందని ఆడపడుచు చూపించింది. తీసేశాను. వ్యాసం మాత్రం అలాగే ఉంది. ఎంతమంది చదివారో, అందులో నా కూతురి బడివాళ్ళెవరైనా ఉన్నారో.

మర్నాడు ఇంకా ముందే లేచి దాని గదికి వెళ్ళాను. మంచం మీద దుప్పటి లేదు. పరుపు అప్పటికే గోడకి నిలబెట్టి ఉంది, ఫ్యాను తిరుగుతోంది. గుమ్మానికి అడ్డంగా నా కూతురు, చేతిలో ఖాళీ జగ్గు.

"ఏమైందమ్మా?" అన్నాను.

నా ముఖంలోకి చూడలేదు.

"ఏం లేదు. నీళ్ళు ఒలకబోశాను" అంది.