నోళ్లలో నానిన పిచ్చుక

కాకిపిల్ల కాకికి ముద్దు. నిచ్చెనలు చేసే ఆయనకు కూతురంటే అలాంటిలాంటి ముద్దు కాదు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని పిచ్చుకా అని పిలిచాడు, బడికి వెళ్లే వయసొచ్చినా ఆ పిలుపు మారలేదు. చివరికి తన అల్యూమినియం నిచ్చెనలకూ అదే పేరు పెట్టి, అదే పేరుతో వెబ్‌సైటు తెరిచాడు. కూతురి పేరు ఊరంతా పలకాలని ఆయన ఆశ. ఏ తండ్రికి ఉండదు చెప్పండి!

వెబ్‌సైటు సంగతి బావమరిది చూసేవాడు. పని తక్కువ, మాటలెక్కువ, మనసు మాత్రం వెన్న.

“ప్రకటన వేస్తేనే వస్తున్నారు బావా, ఆపితే పురుగు కూడా రాదు. నిచ్చెన కావాలనుకోగానే ఫోనులో మన పేరు కొట్టి తిన్నగా మన గుమ్మంలోకే రావాలి. పేరు జనం నోళ్లలో నానాలి.”

“ముందు కంటికి ఆనాలి కదరా!”

ఆనేదెట్లా? మెట్లమీద అంటించిన స్టిక్కర్లు రెండు వానలకే ఊడిపోయేవి. రంగు వేస్తే చెప్పుల రాపిడికి చెరిగిపోయేది. విసుగెత్తి ఒకరోజు ఆయన పై మెట్టు నడిమధ్యన పిచ్చుక ఆకారంలో రేకు కోసేశాడు. ఎండలో నిలబెడితే మెట్టు నీడలో వెలుతురు పిచ్చుక వాలింది. కూతురు దాన్ని కాలితో తొక్కబోయి, పాపం అనుకుని పక్కకు జరిగింది.

బరువు మోసే మెట్టుకు కన్నం పెట్టకూడదని ఆయనకు తెలియదా? ఎందుకు తెలియదు, ఆ పనిలోనే తల నెరిసినవాడు! తానే ఎక్కి గెంతి చూశాడు. కిర్రుమనలేదు. ఏం కాదులే అనుకున్నాడు. ఆ ‘ఏం కాదులే’ ఎన్ని కొంపలు ముంచిందో ఎవరైనా రాస్తే చదవడానికి ఒక జన్మ చాలదు.

పిచ్చుక పనిచేసింది. పెయింటర్లు, కరెంటు పనివాళ్లు నిచ్చెన భుజాన వేసుకుని వీధిలో పోతుంటే జనం గుర్తుపట్టారు. కొట్లవాళ్లు అడిగి మరీ తెప్పించుకున్నారు. తిన్నగా పేరు కొట్టి వచ్చేవాళ్లు నెలనెలా పెరిగారు. అన్నం తింటూ ఆయన ఫోనులో ఆ లెక్క చూపే, పైపైకి పాకే గీతను కూతురికి చూపించేవాడు. “చూడవే, వీళ్లంతా నీ పేరు తలుచుకునే వచ్చారు!”

ఒక పొద్దున బావమరిది షెడ్డులోకి పరుగెత్తుకొచ్చాడు. “నక్కతోక తొక్కావు బావా! నిన్నటినుంచి జనం విరగబడుతున్నారు. ప్రకటన లేదు, పాడూ లేదు, అందరూ పేరు కొట్టుకునే వస్తున్నారు!”

“ఆర్డర్లెన్ని?”

బావమరిది ఫోనులోకి చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఒక్కటీ లేదు బావా. అన్నీ మెసేజీలే.”

మొదటి మెసేజీలో ఫొటో ఉంది. విరిగిన పై మెట్టు. పిచ్చుక రెక్క కొసన పుట్టిన పగులు అంచుదాకా పాకింది. మేడమీద గోడకు రంగు వేస్తున్న పెయింటరు ఆ మెట్టు విరిగి కిందపడి చనిపోయాడు. నిన్న నెట్‌లో ఆ ఫొటో పెట్టింది అతని తమ్ముడు. కింద ఒకే మాట రాశాడు: ‘ఈ పేరు గుర్తుపెట్టుకోండి.’

జనం గుర్తుపెట్టుకున్నారు. ఆయన నేలమీద కూలబడ్డాడు. “నేనే చంపేశాన్రా,” అని తల బాదుకున్నాడు.

సాయంత్రం కూతురు బడినుంచి వచ్చి సంచీ అయినా దించలేదు. “నేను ఎదురొస్తే ‘పిచ్చుకొస్తోంది, పడి చస్తార్రోయ్’ అని పారిపోతున్నారు నాన్నా.”

పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం అంటారే, అదీ కన్నతండ్రి వేసిందే.

“ఈ దిక్కుమాలిన పేరు తీసిపారేద్దాం,” అన్నాడు బావమరిది. “సైటు మూసేసి వేరే పేరుతో మొదలెడదాం. నాలుగు రోజుల్లో మర్చిపోతారు.”

“పిల్ల మొహమైనా చూడండి,” అంది భార్య.

చూశాడు. ఆ కళ్లలో ఆశ కనిపించింది. సరేనని తల ఊపబోయి ఆగాడు.

“మనం అమ్మినవి ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయో తెలుసురా?”

“సగానికి పైగా కొట్లలో కొన్నవే. ఎలా తెలుస్తుంది?”

“మరి ఈ ఫొటో చూసి, ఇంట్లో నిచ్చెన పెట్టుకుని భయపడేవాడు ఏ పేరు కొడతాడు?”

బావమరిది ఫోను తీసి సైటు తెరిచాడు.

చేతులు కాలాక ఆకులే. అయినా సైటులో బొమ్మలన్నీ తీయించి, పిచ్చుక అన్న పేరు ఇంకా పెద్దది చేయించాడు. దాని కింద తానే చెప్పి రాయించాడు: ‘ఈ నిచ్చెన ఎక్కకండి. పై మెట్టు విరుగుతుంది. ఒక మనిషి చనిపోయాడు. తప్పు మాది. మేమే వచ్చి తీసుకెళ్తాం.’

తర్వాత చొక్కా మార్చుకున్నాడు. పోలీసులు వచ్చేదాకా ఆగడం ఆయనకు ఇష్టం లేదు. గుమ్మం దగ్గర అలవాటు కొద్దీ పిలిచాడు. “పిచ్చుకా, వెళ్లొస్తానే.”

లోపలి గది తలుపు ఓరగా తెరుచుకుంది.

“నన్నింక అలా పిలవకు నాన్నా.”

బడిలో రాయించిన పేరు ఒకటుంది. ఆ పేరుతో ఆయన ఎన్నడూ పిలిచి ఎరగడు. ఇప్పుడు పిలుద్దామని నోరు తెరిస్తే పరాయి పిల్లను పిలుస్తున్నట్టు అనిపించింది. పిల్ల తలుపు వేసుకుంది.

“పేరు కొట్టుకుని ఇంకా వస్తూనే ఉన్నారు బావా,” అన్నాడు బావమరిది ఫోను చూస్తూ.

“రానీ,” అని ఆయన చెప్పులు తొడుక్కున్నాడు.