పేరు పక్కన ఊరు

నేను ఒక పేరును. బారసాలనాడు పెట్టే పేరును కాను. ఫోనులో కబుర్లు పంపుకునే యాప్‌లో హైమ తనకు తానుగా పెట్టుకున్న పేరును. గోరింట@సామర్లకోట-కుట్టుసంఘం అని నన్ను పూర్తిగా రాయాలి. నాకు ఒళ్లు మండిపోతోంది. చల్లారాక చెబుదామంటే చల్లారేట్టు లేదు.

హైమ తణుకులో మొగుడి చేత తన్నులు తిని తిని, ఒకరోజు కట్టుబట్టలతో బయటపడింది. సామర్లకోటలో ఆడవాళ్ల కుట్టు సంఘంలో పనికి కుదిరింది. ఆ సంగతి మొగుడు సూరిబాబుకు తెలియదు. తెలియనంతకాలమే ఆమె ప్రాణానికి భద్రం. పాత ఫోన్ నంబరు మాత్రం వదల్లేకపోయింది. బ్యాంకూ గ్యాసూ అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి.

సంఘం లెక్కలు చూసే ఫాతిమా, ఆఫీసులోని పాత కంప్యూటర్ మీద ఈ యాప్‌కు సొంత సర్వర్ నడుపుతుంది. యాప్ మొత్తానికి ఒక్క యజమాని అంటూ లేడట. ఎవరి సర్వర్ వాళ్లది, అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయట. అందుకే పేరు పక్కన సర్వర్ పేరు కూడా ఉండాలి, లేకపోతే కబురు దారి తప్పుతుంది. రాజు లేని రాజ్యమని కట్టినవాళ్లు తెగ మురిసిపోతారు. పేరుకు ఊరు తగిలిస్తే ఎవరి కొంప మునుగుతుందో ఆ మహానుభావులకు తట్టలేదు.

అయినా మొదట్లో నేను ఆమెను బాగానే దాచాను. నన్ను అక్షరం పొల్లుపోకుండా హైమ చెబితే తప్ప ఎవరికీ దొరికేదాన్ని కాదు. దానికే నూకరత్నానికి విసుగొచ్చింది. పక్క మిషను మీద కుట్టే మనిషి, మనసు మంచిది. పెళ్లి జాకెట్ల ఫొటోలు పంపాలంటే ఇంత పొడుగు పేరు కొట్టలేక చస్తున్నానంది.

"నంబరు ఎక్కించెయ్యవే హైమా. అందరికీ నువ్వే కనపడతావు," అంది.

మీ స్నేహితులు మిమ్మల్ని కనుక్కోవాలా అని యాప్ కూడా తీయగా అడిగింది. ఔననడానికి పెద్ద పచ్చ బొత్తం, కాదనడానికి చీమ తలకాయంత అక్షరాలు. హైమ పచ్చదే నొక్కింది.

ఏ నంబరు ఏ పేరుదో రాసిపెట్టుకునే సర్వర్ ఇంకోటి ఉంది. ఎవరైనా తన ఫోనులోని నంబర్లన్నీ దాని ముందు పోస్తే, ఎవరెవరు ఎక్కడున్నారో చెప్పేస్తుంది. అడిగేవాడు అన్నో, చావగొట్టేవాడో దానికి పట్టదు. పెళ్లాన్ని వెతకడానికి సూరిబాబు ఎక్కని యాప్ లేదు. దీన్నీ ఎక్కించాడు. ఆమె నంబరు వాడి ఫోనులో ఏ పేరుతో ఉందో ఆ పేరుతోనే వాడికి యాప్ నుంచి కబురు వచ్చింది: "మా ఆవిడ ఇక్కడ ఉన్నారు. పలకరించండి!" కింద నేను, ఊరితో సహా. సిగ్గుతో చచ్చిపోయాను.

వాడు పలకరించాడు.

"సామర్లకోటలో కుడుతున్నావన్నమాట. వస్తున్నా."

హైమ ఫోను పట్టుకుని ఫాతిమా దగ్గరకు పరుగెత్తింది. ఫాతిమా యాప్‌లోంచి ఆమె నంబరు తీయించింది, నన్ను మూసేసింది, ఆమెను వెనక గుమ్మం నుంచి స్టేషనుకు తీసుకెళ్లి వేరే ఊరి రైలెక్కించింది. సాయంత్రానికి వాడు దిగాడు. నూకరత్నం చేతిలో కత్తెరతోనే గేటు దగ్గర నిలబడి, అలాంటి మనిషే తెలియదంది. వాడు వెళ్లాక మెట్ల మీద కూలబడి ఏడ్చింది.

పని పోయింది హైమకు. గది పోయింది, స్నేహితులు పోయారు. వాడికి ఏం పోయింది? రైలు టిక్కెట్టు. తప్పు వాడిదైతే ఊరు మారాల్సింది ఆమెనా?

మూసేసిన పేరును ఇంకెవరికీ ఇవ్వరు, కాబట్టి నేనిలా పడి ఉన్నాను. వాడు ఇంకా నాకే రాస్తున్నాడు. మొన్న తప్పయిపోయింది రమ్మన్నాడు, ఆ వెనకే నరుకుతానన్నాడు. రెండూ నా గుమ్మం దాటి హైమకు చేరలేదు.

హైమ ఇప్పుడు ఏ పేరుతో, ఎక్కడుందో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిస్తే నేను చెప్పేస్తాను.