యశోదమ్మ హస్తవాసి

ప్రశాంత్ పోయిన రోజు కూడా యశ్వంతనగర్ రోడ్డు మీద ఇనుప ఖనిజం లారీలు ఆగలేదు. శవం మీద కప్పిన తెల్లబట్ట మధ్యాహ్నానికే దుమ్ముతో ఎర్రబడితే ఇంకొకటి తెచ్చి కప్పారు. రక్త విరేచనాలతో బళ్ళారి ఆసుపత్రిలో చేరిన లారీ డ్రైవరు. ఏ ఇంజెక్షనుకూ జబ్బు లొంగలేదు. ముప్పై ఏళ్ళు నిండలేదు.

ల్యాబు ఫలితం పెద్దకర్మ అయ్యాక వచ్చింది. తీసుకోవడానికి అతని అక్క హిమజ వెళ్ళింది. ఆమె సండూరు హైస్కూల్లో సైన్సు టీచరు. ల్యాబు డాక్టరు మేఘ కాగితం మీద చిన్న సున్నా గీసింది.

"ఇది ప్లాస్మిడ్ మేడమ్. క్రిమిలో విడిగా ఉంగరంలా ఉండే డీఎన్ఏ. మందుల్ని తట్టుకునే జన్యువులన్నీ దీని మీదే ఉన్నాయి. ఆ మందుల్లో ఏ ఒక్కటి వాడినా మామూలు క్రిములు చస్తాయి, ఈ ఉంగరం ఉన్నవి నిలబడిపోతాయి."

"తల్లి కణం నుంచి పిల్ల కణానికి వస్తుందా?"

"వస్తుంది. పక్కదానికి కూడా ఇస్తుంది, జాతి వేరైనా సరే. పేగుల్లో ఊరికే పడి ఉండే క్రిమి నుంచి జబ్బు క్రిమికి చేరి ఉండొచ్చు. ఇంట్లో యాంటీబయాటిక్స్ అరకొరగా మింగే అలవాటుందా? పిల్లలుంటే జాగ్రత్త. వాళ్ళలోనూ ఇది ఉండొచ్చు."

హిమజ ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఇంట్లో ఒక బిస్కెట్ డబ్బా ఉంది. కడుపు కాస్త కుదుటపడగానే ప్రశాంత్ మాత్రలు ఆపేసి గనికి పరిగెత్తేవాడు, లోడింగు వరసలో వంతు తప్పిపోతుందని. మిగిలిన మాత్రలు తల్లి యశోదమ్మ ఆ డబ్బాలో దాచేది. వీధిలో ఎవరికి కడుపు చెడినా ఒకటో రెండో ఇచ్చేది. ఆమె హస్తవాసి మంచిదని పేరు. ఈసారి కొడుక్కీ మొదట ఆ చేత్తోనే ఇచ్చింది.

హిమజ ఇల్లు చేరేసరికి పక్కింటి డ్రైవరు కెంచప్ప గుమ్మంలో ఉన్నాడు.

"అమ్మా, కడుపు చెడిండాది, ఒక మాత్ర ఇయ్యి. నా బండి వంతు వస్తాండాది. వరసలో నుంచి దిగి చెంబు పట్టుకొని గుట్టెక్కితే ఎనకోడు ఊరుకుంటాడా?"

"నా చెయ్యి మంచిది కాదప్పా. కొడుకునే నిలబెట్టుకోలేకపోతి."

"అట్లనొద్దమ్మా. పోయినేడు నా పిల్లోళ్ళని నిలబెట్టింది నీ చెయ్యే. బేగ ఇయ్యి."

యశోదమ్మ లేచి గూట్లోంచి డబ్బా తీసింది. కొడుకు పోయాక ఆమె తనంతట తాను లేవడం అదే మొదలు.

"కెంచప్పా, మాత్ర వద్దు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగు" అంది హిమజ.

"నీళ్ళు తాగితే ఇంకో చెంబు కావల్ల టీచరమ్మా" అని నవ్వి, మాత్ర మింగి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే ప్రశాంత్ కూతురికి విరేచనాలు పట్టుకున్నాయి. హిమజ పిల్లనెత్తుకొని బళ్ళారి బస్సెక్కింది. ఆసుపత్రిలో మందేమీ అక్కర్లేదని, ఓఆర్ఎస్ నీళ్ళు తాగిస్తే చాలని చెప్పి పంపారు. పాప కోలుకొని వాకిట్లో ఆడుకోవడం మొదలుపెట్టింది.

"నువ్వు బస్సెక్కక ముందే నేనొకటి వేసింటిలేవే" అంది యశోదమ్మ మనవరాలిని చూస్తూ. "నా చెయ్యి ఇంకా చచ్చిపోలే."

ఆమె ముఖంలో నవ్వు కనిపించింది. ఆ డబ్బాలోని మాత్రలే ప్రశాంత్ జబ్బును మందులకు లొంగకుండా చేసి ఉండొచ్చని బళ్ళారి ల్యాబు నుంచి మోసుకొచ్చిన మాట హిమజ నోట్లోనే ఆగిపోయింది.

డబ్బా గూట్లోనే ఉంది. మాయమైతే అమ్మ అడుగుతుంది. అడిగితే ఎందుకో చెప్పాలి. హిమజ ఆ మాత్రలు పారేయలేదు. అమ్మకు ఇంకా చెప్పలేదు.