ఉప్పల్‌కు పోయిన గజ్జెల పట్టెడ

మా నాచారం కాలనీకి పాతికేళ్ళు నిండుతున్నాయని ఒక చిన్న పుస్తకం వేద్దామన్నారు. రాసే పని సెక్రటరీనైన నా నెత్తిన పడింది. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాణ్ణి, ఈ ఊరి చరిత్ర నాకేం తెలుసు? పాత ఊళ్ళో ఉండే సిద్దయ్యను పట్టుకున్నాను.

ఆయన ఇంటి తలుపు తోయగానే ఘల్లుమంది. తలుపు వెనక మేకుకు ఇత్తడి గజ్జెల పట్టెడ వేలాడుతోంది.

"గుర్రం మెడలది సారూ," అన్నాడు సిద్దయ్య. "మీ కాలనీ ఉన్న జాగల అప్పట్ల జొన్న చేన్లుండె. కోతలైనంక ఉగాదికి ఉప్పలోళ్ళు, మా నాచారమోళ్ళు గుర్రాల పందెం వెడుతుండె. గెలిసిన గుర్రానికి గీ పట్టెడ. ఆఖరి పందెం మా నాయిననే గెలిసిండు. గిప్పటికీ తలుపు సప్పుడైతే మా నాయిన ఇంట్లకొచ్చినట్టే ఉంటది నాకు."

చెబుతూ తలుపును ఇంకోసారి ఊపి వినిపించాడు. డెబ్బై దాటిన మనిషి అంత సంబరపడుతుంటే నాకు ముచ్చటేసింది.

కాలనీ మీటింగుకు సిద్దయ్యను కూడా పిలిచి ఈ సంగతి చదివాను. కూతురింటికి వచ్చిన ఉప్పల్ సక్కుబాయి వెనక వరసలోంచి దిగ్గున లేచింది. ఆఖరి పందెంలో సిద్దయ్య తండ్రికి పోటీగా దిగింది ఈమె తండ్రేనట.

"రెండు గుర్రాలు ఒక్కతీరుగ వచ్చినయి. జనం కొట్లాడుకుంట ఉంటే మీ నాయిన పట్టెడ సంకల వెట్టుకొని ఉరికిండు. గది గెలుసుడా తమ్మీ?"

సభ గొల్లుమంది. సిద్దయ్య ముఖం కందగడ్డయింది.

"అట్లయితే మళ్ళ వెడదాం పందెం! నేను ఓడితే పట్టెడ నీ చేతుల వెడత అక్కా!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. కానీ అప్పటికే చప్పట్లు మోగిపోయాయి.

ఈ రోజుల్లో గుర్రాలెక్కడివి? పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలను తిప్పే బుచ్చిరాములు దగ్గర రెండు తెల్ల గుర్రాలు మాట్లాడాం. ఉగాది పొద్దున గ్రౌండు నిండా జనం. నాచారం గుర్రం మీద సిద్దయ్య కొడుకు జగన్, ఉప్పల్ గుర్రం మీద సక్కుబాయి మనవరాలు కల్పన. స్కూటీ తప్ప ఏదీ ఎక్కని పిల్ల, కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది.

నేను జేబురుమాలు ఊపాను. గుర్రాలు నా వంక చూశాయి. తోకలాడించాయి. అంతే.

"బ్యాండు లేనిది అవి కదలయి సారూ," అన్నాడు బుచ్చిరాములు తాపీగా. "బుద్ధెరిగినకాడికెల్లి బారాత్‌లకే పోయినయి."

"ముందే చెప్పొద్దటయ్యా?"

"మీరు అడిగిన్రా?"

అతన్ని కొట్టాలన్నంత కోపం వచ్చింది. కోపం మింగి బ్యాండువాళ్ళను పిలిపించాను. తీన్‌మార్ మొదలవగానే గుర్రాలు తలలెత్తి, పెళ్ళికొడుకును మోస్తున్నంత దర్జాగా అడుగేశాయి. చిక్కేమిటంటే, బారాత్ గుర్రం ముందు ఎవరైనా ఆడితే అది ఆగిపోతుంది. ఆ తీన్‌మార్ దెబ్బకు ఆడకుండా ఉండేదెవరు? ఉప్పల్ కుర్రాళ్ళు చిందులేశారు, వాళ్ళ గుర్రం ఆగింది. సిద్దయ్య మాత్రం తన వాళ్ళందరినీ ముందే బెదిరించి చేతులు కట్టుకుని నిలబెట్టాడు. నాచారం గుర్రం నింపాదిగా నడుచుకుంటూ గీత దగ్గరికి వచ్చేసింది. ఇంకో నాలుగడుగులు, అంతే.

సిద్దయ్యకు సంతోషం ఆగలేదు. తలకున్న రుమాలు తీసి గాలిలో తిప్పుతూ గుర్రం ముందుకు దూకాడు. ఇక చూడండి! మోకాళ్ళ నొప్పులని రోజూ మూలిగే మనిషి కుడికాలు, ఎడంకాలు ఎగరేసి ఆడుతున్నాడు.

"నాయినా, జరుగు! గుర్రం ఆగింది నాయినా!" అని పైనుంచి జగన్ మొత్తుకుంటున్నాడు. బ్యాండు మోతలో ఎవరికి వినబడుతుంది?

సక్కుబాయి ఆలోపు తన కుర్రాళ్ళ చెవులు పట్టి పక్కకు లాగింది. ఉప్పల్ గుర్రం ఆడుతున్న సిద్దయ్య పక్కనుంచే వెళ్ళి గీత దాటింది.

సిద్దయ్య ఇంటికెళ్ళి పట్టెడ తెచ్చి సక్కుబాయి చేతుల్లో పెట్టాడు. ఉగాది పచ్చడి కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు పుస్తకం అచ్చుకు ఇచ్చేముందు ఆయనకోసారి చూపిద్దామని వెళ్ళాను. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఖాళీ మేకు చూసి నా ప్రాణం ఉసూరుమంది.

"సప్పుడు లేకపోతే ఇల్లు ఇల్లు తీరుగ లేదు సారూ," అన్నాడు.

అంతలో ఆయన ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాడు.

"తమ్మీ, ఇంటున్నవా?" సక్కుబాయి గొంతు. వెంటనే ఆమె ఇంటి తలుపు చప్పుడు, ఆ వెనకే ఘల్లు ఘల్లు.

ఓడినవాణ్ణి ఇంకా ఏడిపించాలా అని నాకు ఒళ్ళు మండింది. సిద్దయ్య మాత్రం కళ్ళు మూసుకుని వింటున్నాడు. ముఖం విప్పారింది.

"రోజు పొద్దుగాల గిట్లనే ఇనిపిస్తది సారూ," అని నాతో అని, ఫోన్ దగ్గరికి వంగాడు. "అక్కా, ఒక గజ్జె బొంగురువోయింది. జర చింతపండు వెట్టి తోము."

"నువ్వే వచ్చి తోము. వచ్చే ఉగాదికి మళ్ళ గెలుసుకొని తీస్కపో. ఈపారి ఆడకుంట నిలవడు."

"ఆడకుంట గెలిస్తే ఏం మజా ఉంటది అక్కా!"

నేను పుస్తకం తెరిచి 'ఆఖరి పందెం' అన్న చోట 'ఆఖరి' కొట్టేశాను. సిద్దయ్య లోపలికెళ్ళి చింతపండు పొట్లంతో వచ్చాడు.

"సారూ, మీ బండి మీద ఉప్పల్ల దించుతరా?"

చెప్పులేసుకుని, బయటినుంచి తలుపు లాగుతూ, తన నోటితోనే "ఘల్లు" అన్నాడు.