శనగగింజంత మాటు

అరవై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. తప్పులు దొర్లినా, కథ నత్తనడక నడిచినా మన్నించాలి.

ఒసాకాలో మా ఇకునో వీధిలో నా పొరుగామె తోకియే ఇంటి ముందుగదే మరమ్మతు కొట్టు. ముప్పై నలభై ఏళ్ల కిందటి వీడియోగేమ్ పెట్టెలు అక్కడికి వస్తాయి. మూత విప్పి, లోపలి బోర్డుకు పట్టిన తుప్పూ చిలుమూ గీకి, స్పిరిట్‌తో కడిగి, ఊడినచోట మాటు వేయాలి. భర్త యోషినోరి పోయాక ఆ పని ఆమే చేస్తోంది. నిప్పొంబాషిలో పాత ఆటలమ్మే అంగళ్లవాళ్లు ఇప్పటికీ ఆయన పేరు మీదే పని పంపుతారు.

ఆ వానాకాలం నగావోకా అనే అంగడాయన ఒక పెట్టె తిప్పి పంపాడు. "వెనక మీ కొట్టులో బాగుచేసిందే. లోపలంతా పచ్చబడింది. గురువారం నేనే వచ్చి తీసుకుంటా" అని కబురు.

ఇది కొత్త కాదు. యోషినోరి ఉన్నప్పుడే ఇలా పెట్టెలు వరసగా తిరిగొచ్చాయి. కొట్టులో తనతో పనిచేసే తమ్ముడు షోకిచి మీద ఆయన విరుచుకుపడ్డాడు. "నీ చెమట చేతుల వల్లేరా ఇదంతా" అని కొట్టులోంచి గెంటేశాడు. ఆ మాట అంగళ్లన్నిటికీ పాకింది. చెమటచేతుల షోకిచిని మళ్లీ ఎవరూ బోర్డు ముట్టుకోనివ్వలేదు.

ఈ బోర్డు మీద అన్నదమ్ములిద్దరి పనీ ఉంది. షోకిచి మాట్లు నువ్వుగింజంత. యోషినోరివి శనగగింజంత. కుర్రతనంలో వాననీటి గొట్టాలకు రేకులు అతికిన చెయ్యి ఆయనది. పళ్ల బ్రష్‌తో రుద్దుతూ రుద్దుతూ తోకియే ఆగిపోయింది. చిలుమంతా శనగగింజల చుట్టూనే ఉంది. నువ్వుగింజల పక్కన రాగి తళతళలాడుతోంది.

రేకుపనివాళ్ల యాసిడ్. తుప్పు మీద ఒక్క చుక్క వేస్తే మాటు వెన్నలా పట్టేస్తుంది. రేకుకైతే ఫరవాలేదు, వాన కడిగేస్తుంది. బోర్డు మీద అది అలాగే ఉండిపోయి, తేమ పీల్చి, ఏళ్ల తరబడి రాగిని తింటుంది.

గురువారం మధ్యాహ్నం మరిదిని పిలిపించింది.

"ఉల్లికాడల అట్టు వేశాను, తిను."

"ముందు పిలిచిన పని చెప్పు, వదినా."

ఆమె బోర్డు ముందుకు జరిపింది. షోకిచి ఒక్కసారే చూశాడు.

"దీనికా? ఇది నాకప్పుడే తెలుసు. ఆ యాసిడ్ సీసా పట్టుకుని మరీ అన్నకు చెప్పాను. 'నాకే నేర్పడానికొచ్చావురా పిల్లకాకీ' అన్నాడు."

"నాకు తెలీదురా. ఒట్టు."

"తెలీదనే అనుకున్నా. ఇప్పుడు తెలిసిందిగా."

"పనెలా ఉంది?"

"హోటల్లో బాత్రూములు కడుగుతున్నా. అక్కడ కుళాయికి చిలుము పడితే నీళ్లను తిడతారు, నన్ను కాదు. పెద్ద హోదాలే!"

తోకియే అట్టు పళ్లెం అతని ముందు పెట్టింది.

"నాకు చెప్పి ఏం లాభం, వదినా? అంగళ్లవాళ్లకు చెప్పు. ఒక్కడికి చెప్తే చాలు, సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది. పోయేలోగా ఆ అంగళ్ల సందులో ఒక్కసారి తలెత్తుకు నడవాలి."

"చెప్తే మీ అన్న బాగుచేసినవన్నీ తిరిగొస్తాయి. కొట్టు మూతబడుతుంది."

"తెలుసు."

అంతలో తలుపు జరిగింది. గొడుగు దులుపుకుంటూ నగావోకా లోపలికొచ్చాడు. జుట్టు నెరిసిన షోకిచిని పోల్చుకోలేదు.

"తేలిందా, తోకియే గారూ? యోషినోరి గారి కొట్టు పని పచ్చబడటమేంటి? ఎవడు చెడగొట్టాడు?"

షోకిచి అట్టుముక్కను తినే పుల్లలతో పట్టుకుని, తినకుండా వదిన ముఖంకేసి చూస్తున్నాడు.

"అప్పట్లో ఒక పనివాడుండేవాడు లెండి" అంది తోకియే.

"ఓ, ఆ చెమటచేతులవాడా! పోయినా పీడ వదల్లేదన్నమాట!"

షోకిచి ముక్కను పళ్లెంలో పెట్టేశాడు. లేచి, నగావోకాకు మర్యాదగా వంగి, బూట్లు వేసుకోసాగాడు.

"ఎవరండీ ఆయన?" అని నగావోకా గొంతు తగ్గించి అడిగాడు.

"దూరపు చుట్టం."

షోకిచి చేతిలో బూటు తాడు ఒక్కక్షణం ఆగింది. ముడి వేసుకుని వానలోకి వెళ్లిపోయాడు. అన్న తద్దినానికి ఏటా వచ్చే మనిషి, ఆ ఏడు రాలేదు. తర్వాతా రాలేదు.

కొట్టు మాత్రం నడుస్తూనే ఉంది.

పే మల్‌సున్, ఎనభై ఒకటో ఏడు. ఇప్పుడు సకాయిలో కూతురి దగ్గర ఉంటున్నాను.