నిద్రపోయిన బిడ్డ వంతు

“ఆ ముక్క వాడిది. ముట్టుకోకు,” అంది మా అత్తయ్య లల్లా రఖియా.

శుక్రవారం గోధుమరవ్వ కుస్‌కుస్, మాంసం ఉన్న పళ్లెం చుట్టూ కూర్చున్నాం. వాడంటే మా ఆడపడుచు హ్నియా వదిన కడుపులో ఉన్నాడనుకుంటున్న బిడ్డ. వదిన భర్త పోయి మూడేళ్లయింది. అప్పుడు నెల తప్పిన గర్భం దుఃఖానికి బెదిరి లోపలే నిద్రపోయిందని మంత్రసాని చెప్పింది. మా సెఫ్రూ ఊళ్లో ఇది కొత్త కాదు. ఈ చలికాలం వదిన పొట్ట పెరగసాగింది. బిడ్డ లేచాడని ఇల్లంతా పండగ. తండ్రి పేరే, అల్లాల్ అని పెట్టేశారు.

“వాడి సంగతి సరే, తల్లి తినడం లేదు, చూశారా? గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. డాక్టరుకి చూపిద్దాం,” అన్నాను.

“మొదలెట్టిందమ్మా పంతులమ్మ! ఆ స్కానింగు యంత్రం కింద పడుకోబెడితే వాడు ఉలిక్కిపడి చచ్చిపోతాడు. నీ తత్వశాస్త్రం బళ్లో చెప్పుకో,” అంది అత్తయ్య.

నా భర్త మ్ఫెద్దల్ నవ్వాడు. “బతూల్, ఉన్నాడా లేడా అని ఎందుకీ గొడవ? అందరం ఉన్నాడనే అనుకుంటున్నాం. పేరు పెట్టాం, వంతు తీస్తున్నాం. ఉండడమంటే అంతకంటే ఏముంది?”

“మనం ఏమనుకుంటే దానికేం? లోపలున్నది దాని పాటికి అది పెరుగుతోంది,” అన్నాను.

మొన్న హమ్మాం స్నానాల ఇంట్లో వదిన ఒళ్లు రుద్దుతుంటే ఎడమవైపు పొట్ట చేతికి తగిలింది. రాయిలా ఉంది. ఇప్పుడు వదిన చెయ్యి అక్కడికే పోయింది.

“కదిలాడా తల్లీ?” అత్తయ్య ఆశగా ముందుకు వంగింది.

“లేదమ్మా. ఎప్పుడూ కదల్లేదు. నువ్వు సంబరపడుతున్నావని కదిలాడని చెప్పేదాన్ని.”

మ్ఫెద్దల్ చెంచా దించాడు.

వదిన ఆ మాంసం ముక్కను మెల్లగా తల్లి వైపు జరిపింది. “మంగళవారం ఒక్కదాన్నే ఫెస్ పట్నం వెళ్లాను. ఆ యంత్రం కింద పడుకున్నాను. బిడ్డ కాదట, గడ్డట; సోమవారం కోసి తీస్తారట. ఖాళీ కడుపుతో రమ్మన్నారు, ఆ పొద్దున నాకు రొట్టె చెయ్యకండి.”